చూడని ఆటకు ప్రకటన

పెంటయ్య డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేముందు ప్రతిరోజూ గుట్ట కింద సైకిల్ ఆపి, బోర్డు మీద ఒక అంకె తుడిచి, దానికంటే ఒకటి తక్కువ అంకె వేసేవాడు. నిన్న పద్దెనిమిది ఉంటే ఇవాళ పదిహేడు. అందుకోసం చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. చేతులకు బొగ్గు మసి ఉన్న రోజు మోచేత్తో తుడిచేవాడు. అంకె వేశాక రెండడుగులు వెనక్కి వేసి ఒకసారి చూసుకుని, సైకిల్ నెట్టుకుంటూ గుట్ట ఎక్కేవాడు.

ఆ బోర్డు ఒకప్పుడు డ్రమ్ము. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఖాళీ అయిన ఇనుప డ్రమ్మును కోసి, సుత్తితో సాపు చేసి, నల్లరంగు పూసి, రెండు పైపులకు బిగించారు. ఎంత కొట్టినా డ్రమ్ముకుండే రెండు గట్లు మాత్రం అణగలేదు. పెంటయ్య వాటినే గీతలనుకుని బోర్డును మూడు భాగాలు చేసుకున్నాడు. పై భాగంలో తెల్ల పెయింటుతో ‘కంచరగుట్ట మీద రాబోయే కార్యక్రమాలు’ అని చెరగకుండా రాయించాడు. మధ్యలో కార్యక్రమం వివరం, కింద ‘ఇంకా ఇన్ని రోజులు’ అన్న లెక్క సుద్దతో ఉండేవి.

కంచరగుట్ట మీద ఎనభై ఇళ్లుంటాయి. ఎనభై ఇళ్ల ఊరికి కార్యక్రమాలు తక్కువేమీ కాదు. బతుకమ్మ, భజన పోటీ, కోలాటం, పదకొండు క్రైస్తవ కుటుంబాల వాళ్లు వేసే క్రిస్మస్ నాటిక, అప్పుడప్పుడు అద్దెకు తెచ్చిన వీడియో. వీడియో ఉన్న రోజు బోర్డు మీద ‘పడమటి గాలి లేనిచో’ అని ఒక షరతు ఉండేది. ఘాటు వాసన వదిలే ఫ్యాక్టరీలు పడమర దిక్కున ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఉగాది దాటాక గుట్ట మీది బండపై ఆడే ‘వీరకంఠరాజు ఆట’. దానికి మాత్రం పెంటయ్య నెల రోజుల ముందు నుంచే లెక్క మొదలుపెట్టేవాడు.

వివరం రాయడంలో పెంటయ్యది ప్రత్యేకమైన పద్ధతి. చదివింది ఏడో తరగతి. కానీ బోర్డు ముందు నిలబడితే చేతికి గ్రాంథికం వచ్చేది. ‘ఆబాలగోపాలము విచ్చేసి ఆనందింపగలరు’, ‘ఈ ఆట చూడక మరేమి చూచెదరు’, ‘వీరకంఠుని మరణము కన్నవారు కంటతడి పెట్టుదురు’. గుట్ట మీది ప్రాథమిక పాఠశాలలో పనిచేసే దేవసహాయం సారు వెళుతూ వెళుతూ ఆగి, తప్పు కనిపిస్తే వేలితో దిద్ది వెళ్లేవారు. ఒకసారి తప్పేమీ దొరకక ఆయన ఒక ప్రశ్న అడిగారు.

“పెంటయ్యా, కంటతడి పెట్టుదురు అని రాసినవ్. నువ్వు పెట్టినవా?”

“నేను సూడలే సారు. పెట్టినోల్లు చెప్పిన్రు.”

సారు బోర్డు ఇంకోసారి చదివి, “సరే. అక్షరదోషం అయితే లేదు” అని వెళ్లిపోయారు.

పెంటయ్య నిజంగానే ఆ ఆట చూడలేదు. కారణం బాయిలర్. 1983లో అతను పెళ్లయి ఈ ఊరొచ్చి, ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టుకు బొగ్గు వేసే హెల్పర్‌గా చేరాడు. నాలుగేళ్లకు పరీక్ష రాసి, బాయిలర్ నడిపే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా మండుతున్న బాయిలర్‌ను ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఫ్యాక్టరీలో అలాంటి వాళ్లు ముగ్గురే. ఒకడు పెంటయ్య. రెండోవాడు అతని భార్య రాజవ్వ తమ్ముడు కొమురయ్య. వీళ్లిద్దరూ పొద్దున ఆరు నుంచి రెండు వరకు, రెండు నుంచి రాత్రి పది వరకు వారం మార్చి వారం చేసేవారు. మూడో మనిషి వెంకటేశ్వరరావు, గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో ఉండేవాడు. పగలు బీమా పాలసీలు అమ్ముకునేవాడు కాబట్టి రాత్రి షిఫ్టు కోరి తీసుకున్నాడు.

గుట్ట మీది ఆట మధ్యాహ్నం మూడు గంటలకు మొదలై ఏడు గంటలకు ముగిసేది. పూర్వం తెల్లవార్లూ ఆడేవారట. ఊళ్లో సగం మంది ఫ్యాక్టరీల్లో చేరాక, పొద్దుటి షిఫ్టు వాళ్లు దిగి రావాలి, రాత్రి షిఫ్టు వాళ్లు ఎక్కాలి అని లెక్క చూసి, ఆ నాలుగు గంటలకు కుదించారు. వీరకంఠరాజు వేషం కొమురయ్యది. రాజు బండ మీద ఉన్నంతసేపూ బాయిలర్ దగ్గర ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు పెంటయ్య. 1987 నుంచి 1997 వరకు పదకొండుసార్లు అలాగే జరిగింది.

“ఆట యాడికి వోతది? మల్లేడు సూస్త” అనేవాడు పెంటయ్య ప్రతి ఏడాదీ. ఆట ఎక్కడికీ పోలేదు. అతను కూడా బాయిలర్ దగ్గర నుంచి ఎక్కడికీ పోలేదు.

చూడకపోయినా అతనికి ఆట మొత్తం తెలుసు. మర్నాడు డ్యూటీ మారేటప్పుడు కొమురయ్య ముఖం మీద ఇంకా పోని రంగుతోనే వచ్చి అంతా చెప్పేవాడు. ముఖ్యంగా చావు. వీరకంఠరాజు చివర్లో శత్రువు బాణం తగిలి చనిపోతాడు. మొదటి ఏడాది ఆ చావు పది నిమిషాల్లో అయింది. జనం మెచ్చుకున్నారని కొమురయ్య ఏటా కొంత పెంచుకుంటూ పోయాడు. 1997 నాటికి రాజు చావడానికి ముప్పావుగంట పట్టేది. బాణం తగలడం, నమ్మకపోవడం, మంత్రిని పిలవడం, మంత్రి వచ్చాక తిట్టడం, మోకాళ్ల మీద కూలడం, లేవడం, మళ్లీ కూలడం. ఆఖరున తలమీది మూడు కిలోల కర్ర కిరీటం కింద పడి దొర్లేది. అప్పుడు గుట్ట మొత్తం నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ చెప్పేవారు.

1998 మార్చిలో ఒకరోజు షిఫ్టు మారేటప్పుడు కొమురయ్య స్టూలు మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటూ అన్నాడు.

“బావా, ఈ ఏడు ఆడి ఇడిసిపెడ్త. మోకాళ్లు వశమైతలేవు. మల్లేటికి ఇంకెవల్నన్న సూసుకొమ్మని సంగప్ప మామకు చెప్పిన.”

పెంటయ్య ప్రెషర్ చూపించే ముల్లు వైపు చూశాడు. “సంగప్ప మామ ఏమన్నడు?” అని అడిగాడు.

“చావు జెర తొందరగ అయితది, మంచిదే అన్నడు.”

సంగప్ప ఆట నేర్పే పెద్దమనిషి. తాళాలు వేసేదీ ఆయనే. ముప్పావుగంట తాళం వేసిన మనిషి అభిప్రాయం అది.

ఇంటికి వెళ్లాక పెంటయ్య భార్యతో చెప్పాడు. “ఈసారి సూడాలె రాజవ్వా. ఇగ మల్ల సూసేదుండది.”

“పదకొండేండ్ల సంది చెప్తున్న. ఊరోల్లందరు మా తమ్ముని సావు సూసిన్రు, నువ్వొక్కనివే మిగిలినవ్” అంది రాజవ్వ.

మర్నాడు పెంటయ్య, రాత్రి పదికి రావు డ్యూటీకి వచ్చేదాకా ఆగకుండా, ఆయన్ని వెతుక్కుంటూ పటాన్‌చెరులో ఆయన అద్దెకుండే ఇంటికి తన షిఫ్టుకు ముందే వెళ్లాడు. ఇన్నేళ్లలో అతను ఆయన్ని సాయం అడగడం అదే మొదటిసారి.

“రావు సాబ్, ఆటనాడు మధ్యాహ్నం షిఫ్టు మీరు జెర ఎక్కాలె. బదులు మీ రాత్రి డ్యూటీ నేను చేస్త.”

వెంకటేశ్వరరావు ఇబ్బందిగా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏ ఆట అండి, వీరకంఠరాజేనా? అదేం మాటండీ పెంటయ్య గారూ, ఈ ఏడాది మేమే వద్దామనుకుంటున్నాం. తొమ్మిదేళ్లుగా బస్సులోంచి మీ బోర్డు చదువుతున్నానండి. ‘ఈ ఆట చూడక మరేమి చూచెదరు’ అని రాశారు. మా ఆవిడకి చెప్తే, మరెందుకు చూడట్లేదు మనం అంది. అది కూడా న్యాయమే కదండి.”

పెంటయ్య జేబులో సుద్దముక్క తడుముకున్నాడు.

“నిజంగా అంత బాగుంటుందా అండి?”

“నేను సూడలే.”

“చూడలేదా? మరి ఎలా రాశారండీ?”

“మంచిగుంటదని రాసిన” అన్నాడు పెంటయ్య. తన రాతను కాదని చెప్పి రావును ఆపవచ్చు. అలా చెప్పడం అతనికి తోచలేదు. రావు భార్య టీ ఇచ్చింది. ఆట రోజు చాప తెచ్చుకోవాలా, కుర్చీలు వేస్తారా అని అడిగింది. బండ వేడిగా ఉంటుంది కనుక చాప తెచ్చుకోమని పెంటయ్య సలహా ఇచ్చి వచ్చాడు.

ముగ్గురిలో ఒకడు ఆడాలి, ఇద్దరు చూడాలి. బాయిలర్ మండుతూ ఉండాలి. ఈ లెక్క పెంటయ్య మూడు రోజులు చేశాడు. నాలుగో రోజు అతనికి తనిఖీ గుర్తొచ్చింది. ఏడాదికొకసారి ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి బాయిలర్ చూసిపోతాడు. దానికోసం రెండు రోజుల ముందే మంట ఆర్పి, చల్లార్చి, లోపల కడిగి ఉంచాలి. ఆ ఏడాది తనిఖీ ఏప్రిల్‌లోనే రావాలి. మంట లేని బాయిలర్‌కు మనిషి అక్కర్లేదు.

ప్లాంట్ మేనేజర్‌ను తేదీ అడిగితే, ఏప్రిల్ పదహారు గురువారం అన్నాడు. ఇన్‌స్పెక్టర్ పది గంటలకు వచ్చి ఒంటిగంటకు వెళ్లిపోతాడు. పెంటయ్య ఆ సాయంత్రమే సంగప్ప ఇంటికి వెళ్లి, ఆట పదహారున పెట్టమన్నాడు.

“ఆట తేది బాయిలర్ చెప్తదారా?” అన్నాడు సంగప్ప.

“ఏటేట అదే చెప్తది మామా. ఈసారి జెర ముందుగాల చెప్పింది.”

సంగప్పకు అందులో కాదనడానికేమీ కనిపించలేదు. బోర్డు మీద ‘ఏప్రిల్ 16’ ఎక్కింది. బోర్డు మీదికి ఎక్కిన తేదీ మార్చడం కంచరగుట్టలో లేదు. దాన్ని నమ్మి చుట్టుపక్కల ఐదారు ఫ్యాక్టరీల్లో మనుషులు షిఫ్టులు మార్చుకుంటారు. మారిస్తే ఐదారు ఫ్యాక్టరీలు కదలాలి. కింద ‘ఇంకా 31 రోజులు’ అని వేసి, పెంటయ్య ఆ రోజు రెండడుగులకు బదులు నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

అంకె సున్నా అయిన రోజు, అంటే గురువారం పొద్దున, పెంటయ్య ఖాకీ బట్టలేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. తనిఖీ సమయంలో సర్టిఫికెట్ ఉన్నవాడు ఒకడైనా దగ్గరుండాలి. ఒంటిగంటకు అయిపోతుంది కాబట్టి తనే ఉంటానన్నాడు. కొమురయ్య పన్నెండు గంటలకే రంగు వేయించుకోవడానికి కూర్చున్నాడు. వెంకటేశ్వరరావు దంపతులు రెండు గంటలకల్లా చాపతో, ఫ్లాస్కుతో, పులిహోర డబ్బాతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. దేవసహాయం సారు వాళ్ల పక్కన కూర్చుని కథ చెప్పడం మొదలుపెట్టారు.

పది గంటలకు ఇన్‌స్పెక్టర్ రాలేదు. ఒంటిగంటకూ రాలేదు. ఆయన జీపు దారిలో రెండుసార్లు పంక్చర్ అయిందని తర్వాత తెలిసింది. మూడుంబావుకు వచ్చి, ముందు భోజనం చేసి, ఆ తర్వాత పని మొదలుపెట్టాడు. పద్ధతి గల మనిషి. టార్చిలైటు పట్టుకుని బాయిలర్ కడుపులోకి దూరి, చిన్న సుత్తితో ప్రతి అంగుళం కొట్టి విన్నాడు. బయటికి వచ్చి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మళ్లీ దూరాడు. ఆ చప్పుడు వింటూ పెంటయ్య మనసులో ఆట నడుపుకున్నాడు. ఐదింటికి రాజు సభ. ఐదున్నరకు యుద్ధానికి బయల్దేరడం. ఆరుంబావుకు బాణం.

ఆరున్నరకు నీళ్ల పరీక్ష మొదలైంది. బాయిలర్ నిండా నీళ్లు పట్టి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, అరగంట అలాగే ఉంచాలి. ముల్లు దిగకూడదు. ఇన్‌స్పెక్టర్, పెంటయ్య ముల్లు ముందు చెరొక స్టూలు మీద కూర్చున్నారు. పెంటయ్య ముల్లు చూస్తూ, మధ్య మధ్య గోడ గడియారం చూశాడు.

“ఏమయ్యా, గడియారం చూస్తున్నావు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఏం లేద్సార్. ఏడు గంటలకు మా బామ్మర్ది సచ్చిపోతడు.”

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. “ఏ ఆస్పత్రిలో?”

“ఆస్పత్రి కాద్సార్. బండమీద. రాజు ఏషం ఏసిండు.”

ఇన్‌స్పెక్టర్ మళ్లీ కూర్చున్నాడు. “ఎవరు పోయినా అరగంట అరగంటే” అన్నాడు. ముల్లు దిగలేదు. ఏడు గంటల ఐదు నిమిషాలకు ఆయన సంతకం పెట్టి, “బాయిలర్ బాగా చూసుకుంటున్నారు” అని మెచ్చుకుని, ఇంకేదో చెప్పబోయేసరికి పెంటయ్య సైకిల్ గేటు దాటింది.

గుట్ట మీద ఏం జరిగిందో తర్వాత రాజవ్వే చాలామందికి చెప్పింది.

వీరకంఠరాజుకు ఆరుంబావుకే బాణం తగిలింది. ఏడు గంటలకు ఆయన చనిపోవాలి. ఆరున్నర నుంచే ఆయన మధ్య మధ్య తల ఎత్తి మెట్ల దారి వైపు చూడడం మొదలుపెట్టాడు. శత్రువు వస్తున్నాడేమోనని జనం కూడా అటు చూశారు. ఎవరూ రాలేదు. ఏడు అయింది. రాజు కూలాడు, లేచాడు. ఆఖరి పద్యం పాడాడు. మళ్లీ మొదటి నుంచి పాడాడు. మంత్రిని రెండోసారి పిలిపించి, మొదటిసారి తిట్టినవే తిట్టాడు. ట్యూబులైట్లు వేశారు. సంగప్ప తాళం వేస్తూనే ముందుకు వంగి, “ఇగ పడు కొడుకా” అన్నాడు. రాజు వినిపించుకోలేదు.

“ఇంకా చాలాసేపు ఉందా అండి?” అని అడిగాడు వెంకటేశ్వరరావు.

“ఈ పద్యం ఇది అయిదోసారి. నాకు తెలిసినంత వరకు ఒక్కసారే ఉండాలె” అన్నారు దేవసహాయం సారు.

ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక ముసలామె, “అయ్యో పాపం, ఎవలి కోసమో పానం వట్టుకున్నట్టుంది” అంది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తల ఊపారు. అలా ప్రాణం పట్టుకుని ఆగినవాళ్లను వాళ్లంతా ఇళ్లలో చూసినవాళ్లే. ఆ కబురు వరసలు దాటి రాజవ్వ దాకా వచ్చింది.

“ఇంకెవలి కోసం? మా ఆయన కోసం” అంది రాజవ్వ.

ఆ మాట మళ్లీ వరసలు దాటి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఇంకెంతసేపు అని గొణిగిన వాళ్లు లేరు. జనం రాజును వదిలేసి మెట్ల దారి వైపు చూస్తూ కూర్చున్నారు. రాజు కూడా అటే చూస్తూ, ఒక మోకాలి మీద నిలబడి, పద్యం ఆరోసారి ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. మోకాలు వణకడం ముందు వరసకు కనిపించింది.

ఏడు గంటల ముప్పై అయిదు నిమిషాలకు పెంటయ్య సైకిల్‌ను మొదటిసారి గుట్ట కింద బోర్డుకు ఆనించి వదిలేసి, మెట్లన్నీ ఎక్కి, బండ అంచున నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కూర్చోవడానికి చోటు ఇవ్వబోయిన వాళ్లను వద్దన్నాడు.

కొమురయ్య అతన్ని చూశాడు. పద్యం ఎక్కడుందో అక్కడ ఆపి, ఒకసారి ఊపిరి తీసుకుని, చివరి రెండు పాదాలు మాత్రం పాడాడు. వాటిని తొందరపడకుండా పాడాడు. మోకాలి మీద నుంచి పక్కకు ఒరిగాడు. కిరీటం జారి, బండ మీద పడి, చప్పుడు చేస్తూ దొర్లి, ముందు వరసలో రావు గారి ఫ్లాస్కు దగ్గర ఆగింది. గుట్ట మొత్తం నిశ్శబ్దంగా ఉంది. అందరూ చెప్పినట్టే ఉందని పెంటయ్య అనుకున్నాడు.

అతను చూసింది మొత్తం మూడు నిమిషాలు.

రంగు కడుక్కుంటూ కొమురయ్య అడిగాడు. “సూసినవా బావా?”

“సూసిన.”

“ఎట్లుంది?”

“కిరీటం ఎడమదిక్కు వడ్డది.”

“ఎప్పుడు గట్లనే పడ్తది.”

“కుడిదిక్కు అనుకున్న. పదకొండేండ్లు కుడిదిక్కే అనుకున్న.”

“పదకొండేండ్లు కండ్లు కాయలు కాసేటట్టు ఎదురుసూసి, కిరీటం దిక్కు సూసొచ్చిండు” అంది రాజవ్వ, తమ్ముడి మోకాళ్లకు నూనె రాస్తూ. పెంటయ్య ఆ నూనె గిన్నె అందుకుని, రెండో మోకాలి దగ్గర కూర్చున్నాడు. వెళ్లేముందు వెంకటేశ్వరరావు భార్య మిగిలిన పులిహోర ఇచ్చి, ఆట చాలా బాగుందనీ, చివర్లో మాత్రం కొంచెం నిదానంగా ఉందనీ చెప్పింది.

మరుసటి ఏడాది రాజు వేషం వేరే కుర్రవాడు కట్టాడు. పెంటయ్య బోర్డు మీద వివరం రాస్తుంటే దేవసహాయం సారు ఆగి చూశారు. ‘కంటతడి పెట్టుదురు’ అన్న మాట లేదు.

“అదేంది, తీసేసినవ్? చూసినవు కదా.”

“సూసిన సారు. నాకు కంటతడి రాలే, చెమట వచ్చింది. తెలిసినంక రాయబుద్ధి కాలే.”

అతను రాసింది ఇంతే: ‘ఆట బాగుండును. చివరన కిరీటము ఎడమ వైపునకు పడును.’ ఆ ఏడాది జనంలో ఎక్కువమంది ఎడమ వైపు కూర్చున్నారు. పెంటయ్య బాయిలర్ దగ్గర లేడు. కొమురయ్య డ్యూటీలో ఉన్నాడు. మర్నాడు షిఫ్టు మారేటప్పుడు స్టూలు మీద కూర్చుని ఆట మొత్తం చెప్పింది పెంటయ్య, విన్నది కొమురయ్య. కొత్త రాజు చావడానికి పన్నెండు నిమిషాలు పట్టిందని విని కొమురయ్య, “పోరగాడు, నేర్సుకుంటడు తియ్” అన్నాడు.

పెంటయ్య రిటైరై ఇప్పటికి రెండేళ్లయింది. ఫ్యాక్టరీకి వెళ్లే పని లేదు కాబట్టి గుట్ట కింద ఆగే పనీ లేదు. పొద్దున ఆరున్నరకు సుద్దముక్కతో గుట్ట దిగుతాడు, బోర్డు మీద అంకె మారుస్తాడు, మళ్లీ గుట్ట ఎక్కుతాడు.